బట్ట చెప్పే కబురు ఎవరి సొత్తు?

ఆ మధ్య ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టులను పరిశీలించడానికి వెళ్లాను. ఒక విద్యార్థి చూడటానికి మామూలు బనియన్ లాంటిదే తొడుక్కుని నిలబడ్డాడు. అతని గుండె కొట్టుకునే తీరు పక్కనున్న తెర మీద గీతలుగా కదులుతోంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో, ఒళ్లు ఎంత వేడెక్కిందో అంకెల్లో కనిపిస్తోంది. “సార్, ఇకమీదట జబ్బు ముదిరాక డాక్టరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. ముందే చొక్కా చెప్పేస్తుంది” అన్నాడు. బాగుందన్నాను. “ఉతికితే ఏమవుతుంది?” అని అడిగాను. అతను నవ్వి, “అదొక్కటే సార్ సమస్య. కొన్ని ఉతుకులకే దారం మీది వెండి పూత పోతోంది” అన్నాడు.

ఆ ప్రశ్న నా నోట ఊరికే రాలేదు. నేను చాకలి ఇంట పుట్టినవాణ్ణి. మా అమ్మ నలభై ఇళ్ల బట్టలు ఉతికింది. ఆమెకు అక్షరం రాదు, కానీ బట్టను చదివేది. రేవులో మూట విప్పి ఒక్కొక్కటీ వేరుచేస్తున్నప్పుడే ఊరి ఆరోగ్యం ఆమెకు తెలిసిపోయేది. ఏ ఇంటి కోడలికి నెల తప్పిందో, ఏ ఇల్లాలికి ముట్టు ఆగకుండా పోతోందో, ఏ పెద్దాయన దగ్గితే తుండుగుడ్డకు నెత్తురు అంటుతోందో, ఏ పసివాడికి విరేచనాలు తగ్గలేదో డాక్టరు కన్నా ముందు, ఒక్కోసారి ఆ ఇంటి మగవాళ్ల కన్నా ముందు ఆమె ఎరుగును. తెల్లబట్ట, ఎర్రబట్ట అంటూ తెలుగులో స్త్రీల జబ్బులకు బట్ట పేర్లే ఉన్నాయి. ఆ పేర్ల వెనుక ఉన్న చూపు ఎవరిదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో అంచున ఒక చిన్న గుర్తు పెట్టేది. ఆ గుర్తుల అర్థం ఆమె జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండేది కాదు. ఒక ఇంటి మాట మరో ఇంట చెప్పిన పాపాన పోలేదు. నేటి భాషలో చెప్పాలంటే అది సమాచార గోప్యత. దానికి చట్టం లేదు, ఒప్పంద పత్రం లేదు, ఆమె మాట తప్పదన్న నమ్మకమే ఉంది. ఇంత చేసినందుకు ఆమెకు దక్కింది ఏడాదికోసారి కల్లంలో కొలిచే మేర, పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే కూడు, ‘మైల బట్టలు ముట్టుకునేది’ అన్న పేరు. ఆమె ఉతికి తెచ్చిన బట్టను కొన్ని ఇళ్లలో మళ్లీ నీళ్లలో తడిపి ఆరేస్తే తప్ప మడికి పనికొచ్చేది కాదు.

దీన్ని నేను గతవైభవంగా చెప్పడం లేదు. అది వెట్టి. అయితే ఒక విషయం గుర్తించాలి. ఒంటి మీది బట్ట ఒంటి సంగతి చెప్పడం కొత్త కాదు. ఆ సంగతి చదవడం కూలిపనిగా, పైగా మైలపనిగా ఉన్నంతకాలం దానికి విలువ కట్టలేదు. ఇప్పుడు అదే పనిని ఒక దారం, ఒక చిన్న పెట్టె చేస్తే దానికి పేటెంట్లు, పెట్టుబడులు, మార్కెట్లు పుట్టుకొచ్చాయి. కాబట్టి సెన్సర్ దుస్తుల గురించి మనం అడగవలసిన ప్రశ్న అవి ఎంత కచ్చితంగా కొలుస్తాయన్న దగ్గర ఆగకూడదు. కొలిచిన సంగతి ఎవరి చేతికి చేరుతుంది? చేరాక ఎవరి మీద ఏ బాధ్యత పడుతుంది? కుల సమాజంలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వేసుకున్న మనిషిని బట్టి మారిపోతుంది.

సైనికుడి చొక్కా నుంచి గని కార్మికుడి పట్టీ దాకా

ఈ దుస్తుల చరిత్ర ఆసుపత్రిలో మొదలు కాలేదు, యుద్ధరంగం కోసం మొదలైంది. 1996లో అమెరికా రక్షణ శాఖ నిధులతో జార్జియా టెక్ విద్యాసంస్థలో ప్రొఫెసర్ సుందరేశన్ జయరామన్ బృందం ఒక చొక్కా నేయడానికి పూనుకుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకుని వెళ్లిన జయరామన్ వస్త్ర సాంకేతిక శాస్త్రవేత్త. బట్టలోనే ఆప్టికల్ ఫైబర్ తీగను అల్లారు. సైనికుడికి తూటా తగిలితే ఆ తీగ తెగుతుంది. తెగిన చోటును బట్టి గాయం ఎక్కడో దూరాన ఉన్న వైద్యుడికి తెలుస్తుంది. గుండె, ఊపిరి కొలిచే సెన్సర్లను అదే బట్టకు తగిలించవచ్చు. దానికి వారు ‘ధరించగల మదర్‌బోర్డు’ అని పేరు పెట్టారు.

ఇప్పుడు వస్తున్న దుస్తుల పనితీరు స్థూలంగా ఇలా ఉంటుంది. వెండి పూసిన దారంతో ఛాతీ దగ్గర చిన్న పట్టీ అల్లుతారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును ఆ పట్టీ పట్టుకుంటుంది. డొక్కల చుట్టూ ఉండే సాగే దారం ఊపిరితో పాటు సాగి ముడుచుకుంటుంది, ఆ తేడాను లెక్కగట్టి శ్వాసను కొలుస్తారు. జేబులోని చిన్న పెట్టె ఈ సంకేతాలను ఫోనుకు పంపుతుంది. ఉతికే ముందు పెట్టెను తీసేయాలి. దారాన్ని మాత్రం తీయలేము. సబ్బు, రుద్దుడు, పిండుడు తట్టుకోలేక దాని పూత క్రమేణా పోతుంది. ప్రపంచమంతటా ఈ రంగంలో పనిచేసేవారిని నేటికీ వేధిస్తున్న పెద్ద చిక్కుల్లో ఉతుకు ఒకటి. గుడ్డ ఎంత వేడిని, ఎంత చౌడును, ఎన్ని దెబ్బలను ఓర్చుకుంటుందో తరతరాలుగా చేతులతో తెలుసుకున్న కులం ఒకటి ఈ దేశంలో ఉంది. ఆ తెలివిని శాస్త్రంగా లెక్కించే అలవాటు మాత్రం మన ప్రయోగశాలలకు లేదు.

ఇలాంటి చొక్కానే కెనడా అంతరిక్ష సంస్థ ‘బయో మానిటర్’ పేరుతో 2018 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపింది. వ్యోమగామి నిద్రపోతున్నా, వ్యాయామం చేస్తున్నా అతని గుండె, రక్తపోటు, ఒంటి వేడి నేల మీది వైద్యులకు తెలుస్తాయి. అంతకు ముందే 2010లో చిలీ దేశపు శాన్ హోసే గనిలో 33 మంది కార్మికులు 69 రోజులు చిక్కుకుపోయినప్పుడు, వారి ఛాతీలకు సెన్సర్ పట్టీలు కట్టి గుండె వేగాన్ని, శ్వాసను పైనుంచి గమనించారు. ఇరుకైన గొట్టంలో పైకి లాగేటప్పుడు ఎవరి గుండె ఎంత ఒత్తిడికి లోనవుతోందో వైద్యులు చూస్తూనే ఉన్నారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ ఉదాహరణను మరచిపోకూడదు. అక్కడ కొలిచింది కార్మికుడి శరీరాన్నే. చదివింది వైద్యుడు. చదివినందుకు ప్రయోజనం ఆ మనిషిని బయటికి తీయడం. కొలత దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఏ సంబంధంలో జరుగుతోందన్నదే దాని గుణాన్ని నిర్ణయిస్తుంది. యజమాని, కూలి అనే సంబంధంలో జరిగితే కాపలా అవుతుంది. వైద్యుడు, రోగి అనే సంబంధంలో జరిగితే సంరక్షణ అవుతుంది. ఈ రెండు సంబంధాల మధ్య మన దేశంలో గీత గీసింది చాలా వరకు కులమే.

చేతికి కట్టిన కాపలా

మన దేశంలో ఒంటికి తగిలించే సెన్సర్ పరికరం రెండు దారుల్లో ప్రవేశించింది. ఒక దారి మధ్యతరగతి, ఉన్నత వర్గాలది. ఉదయపు నడకలో అడుగులు లెక్కపెట్టుకోవడానికి, నిద్ర నాణ్యత చూసుకోవడానికి, గుండె లయ తప్పితే తెలుసుకోవడానికి వాచీ కొనుక్కుంటారు. ఇష్టమైతే పెట్టుకుంటారు, లేకపోతే తీసి సొరుగులో పడేస్తారు. అంకెలు వారివి, నిర్ణయం వారిది.

రెండో దారి మున్సిపాలిటీది. 2020లో చండీగఢ్ నగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ వాచీలు కట్టింది. నాగపూర్ వంటి మరికొన్ని నగరాలూ ఇదే పద్ధతిని అనుసరించాయి. కార్మికుడు తనకు కేటాయించిన వీధిలో ఉన్నాడా, ఎంతసేపు ఉన్నాడు, హద్దు దాటి ఎక్కడికి పోయాడు అన్నది ఆఫీసులో కూర్చున్న అధికారి తెర మీద చుక్కగా కనిపిస్తుంది. చండీగఢ్ వాచీలో కెమెరా, మైక్రోఫోన్ కూడా ఉన్నాయి. మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు సైతం ఎవరైనా చూస్తున్నారేమోనన్న భయం వెంటాడుతోందని మహిళా కార్మికులు చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి. వాచీ పనిచేయకపోతే జీతం కోతపడుతుందన్న ఆందోళన వేరు. కార్మికులు వీధికెక్కి నిరసన తెలిపారు. ఊడ్చేవాళ్లలో అత్యధికులు దళితులు. వాళ్ల మీద ఇలా నిఘా పెట్టిన కార్యాలయాల్లో ఆ వాచీని చేతికి కట్టుకోవాలని ఏ ఉన్నతాధికారికీ ఆదేశం వెళ్లలేదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అదే చేతికి నాడిని కొలిచే పరికరం కట్టవచ్చు. తెల్లవారుజామున దుమ్ములో ఊడ్చే మనిషి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో, మే నెల ఎండలో ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెలుసుకోవచ్చు. సాంకేతికంగా అడ్డంకి ఏమీ లేదు. కానీ ఆ వాచీలు తెచ్చినవారికి కావలసింది మనిషి ఎక్కడున్నాడన్న సమాచారం, ఎలా ఉన్నాడన్నది కాదు. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లోనూ పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు వేలిముద్ర యంత్రాలు, ముఖాన్ని గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి. చీపురు పట్టీ పట్టీ అరచేతి గీతలు అరిగిపోయిన మనిషి వేలిని యంత్రం గుర్తుపట్టకపోతే, ఆ అరుగుదలను జబ్బుగా ఎవరూ నమోదు చేయరు. గైర్హాజరుగా నమోదు చేస్తారు.

వాచీ తరువాతి మెట్టు చొక్కా. పారిశుద్ధ్య కార్మికుడికి ఎలాగూ యూనిఫాం జాకెట్ ఇస్తారు. అందులో సెన్సర్ కుట్టడం కష్టం కాదు. ఆరోగ్యం పేరుతోనే కుడతారు. అప్పుడు గుండె వేగం తగ్గితే ‘పని చేయడం లేదు’ అనీ, ఒళ్లు కదలకపోతే ‘కూర్చున్నాడు’ అనీ చదవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. శరీరం అలసిందన్న సంకేతం వైద్యుడికి హెచ్చరిక. మేస్త్రీకి అది సోమరితనానికి రుజువు.

ఈ ప్రమాదానికి చట్టం అడ్డుపడుతుందా? 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ తరువాత జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రూపొందించిన ముసాయిదా ఆరోగ్య సమాచారాన్నీ, కులం లేదా తెగకు సంబంధించిన సమాచారాన్నీ సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించి, వాటికి అదనపు రక్షణ ఉండాలంది. చివరకు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ ప్రత్యేక వర్గమే లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం ఉద్యోగి సమాచారాన్ని అతని సమ్మతి లేకుండానే వాడుకోవడానికి ఏడో సెక్షన్ వీలు కల్పించింది. అంటే మధ్యతరగతి మనిషి గుండె అతని సమ్మతి పరిధిలో ఉంటుంది, ఊడ్చే మనిషి గుండె ‘ఉద్యోగ అవసరం’ పరిధిలోకి జారిపోవచ్చు.

కులం రాయకపోయినా కులం తెలిసిపోవడం ఇక్కడ మరో చిక్కు. నమస్తే పథకం కింద 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో గుర్తించిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు, 14.7 శాతం బీసీలు, 8.3 శాతం ఎస్టీలు. జనరల్ వర్గం 8 శాతం. ఇలాంటి వృత్తిలోని వారి ఊపిరితిత్తుల అంకెలను ఒక బీమా సంస్థ చూసి ‘ఈ వృత్తివారికి ప్రమాదం ఎక్కువ’ అని ప్రీమియం పెంచిందనుకుందాం. కాగితం మీద కులం మాటే ఉండదు, ఫలితం మాత్రం కులాన్ని బట్టే ఉంటుంది.

మురుగు గుంత ముందు చొక్కా ఏం చేస్తుంది?

సెన్సర్ దుస్తుల గురించి మాట్లాడేవారు తరచుగా చెప్పే ఉదాహరణ మురుగు కార్మికుడు. మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడికి ఇలాంటి చొక్కా ఇస్తే ప్రాణం కాపాడవచ్చంటారు. సదుద్దేశంతోనే అంటారు. కానీ ఈ మాటను జాగ్రత్తగా పరీక్షించాలి.

మురుగులో చంపేది ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఈ వాయువు గాలి కన్నా బరువైంది, గుంత అడుగున పేరుకుంటుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల స్థాయికి చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 700, 1000 భాగాల స్థాయిలో ఒకటి రెండు ఊపిరులకే మనిషి కుప్పకూలిపోతాడు. అలాంటి చోట గుండె లయలో మార్పు కనిపెట్టి చొక్కా హెచ్చరించే సరికి చేయడానికి ఏమీ మిగలదు. పైనున్న మనిషి ఆ హెచ్చరిక చూసి కాపాడబోయి దిగుతాడు. మురుగు గుంతల్లో ఒకరి వెనుక ఒకరు చనిపోయిన సంఘటనలు మనం పత్రికల్లో ఎన్ని చదవలేదు? అక్కడ ఒంటి మీది సెన్సర్ ప్రాణాన్ని కాపాడదు, మరణ సమయాన్ని నిమిషాలతో సహా నమోదు చేస్తుంది.

చట్టంలో ఉన్న సందు వల్ల ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. 2013 నాటి చట్టం మనుషులతో పాకీపనిని నిషేధించింది, మురుగు కాలువలను ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్నీ నిషేధించింది. కానీ ‘ప్రమాదకరం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. యజమాని రక్షణ పరికరాలు ఇవ్వకుండా చేయించే పని మాత్రమే ఆ నిర్వచనంలోకి వస్తుంది. పరికరాలు, రక్షణ దుస్తులతో మలాన్ని ఎత్తే మనిషి ఆ చట్టం దృష్టిలో పాకీ కార్మికుడే కాడు. ఇలాంటి చట్టం ఉన్నచోట సెన్సర్ చొక్కా ‘రక్షణ దుస్తు’ల జాబితాలో చేరితే ఏమవుతుంది? మనిషిని గుంతలోకి దించడానికి అదొక అనుమతి పత్రమవుతుంది. పనిని రద్దు చేయవలసిన విజ్ఞానం ఆ పనికి హంగు సమకూర్చినట్టవుతుంది.

ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే 2019 నుంచి 2023 వరకు మురుగు, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారు. 2014లో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి మరణానికి పది లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచుతూ, ఈ పనిని పూర్తిగా తుడిచిపెట్టాలని ఆదేశించింది. దీనికి దారి ఏమిటో తెలియనిది కాదు. 2017లోనే హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల భాగస్వామ్యంతో ప్రవేశపెట్టింది. మనిషి ఒడ్డున నిలబడతాడు, యంత్రం లోపలికి పోతుంది. వాయువును కొలిచే సెన్సర్‌ను తాడుకు కట్టి గుంతలోకి దించవచ్చు. సెన్సర్‌కు సరైన చోటు అది. మనిషి ఛాతీకి కట్టి మనిషితో పాటు దించడం నేరం.

ఎవరి ఒంటిని కొలబద్దగా తీసుకున్నారు?

అంకె అబద్ధం చెప్పదని మనకొక నమ్మకం. కోవిడ్ కాలంలో ప్రతి ఇంటా వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సీమీటర్ సంగతి తీసుకుందాం. అది వెలుతురును చర్మం గుండా పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. చర్మపు రంగు ఆ వెలుతురును కొంత మింగేస్తుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ తేడాను బయటపెట్టింది. పరికరం 92 నుంచి 96 శాతం చూపిన సమయాల్లో, ధమని రక్తాన్ని నేరుగా పరీక్షిస్తే నల్లజాతివారిలో 11.7 శాతం సందర్భాల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉంది. తెల్లవారిలో అది 3.6 శాతమే. అంటే ఆ పరికరం నల్లవారి ప్రమాదాన్ని దాదాపు మూడురెట్లు ఎక్కువగా దాచిపెట్టింది. పరికరానికి జాతి ద్వేషం లేదు. దాన్ని సరిచూసిన శరీరాలు ఎవరివన్నదే సమస్య.

గుండె విద్యుత్తును పట్టే దారానికి చర్మపు రంగుతో పని లేదు, వెలుతురుతో పనిచేసే వాచీకి ఉంది. కులాన్ని రంగుతో ముడిపెట్టడం పొరపాటని నాకు తెలుసు. కానీ సున్నంలో, సిమెంటులో, చౌడులో పనిచేసి పగిలి మొద్దుబారిన చర్మం ఒక సామాజిక వాస్తవం. మా అమ్మ వేళ్ల సందుల్లో ఏడాది పొడవునా పుళ్లు ఉండేవి. గడ్డపార ఎత్తి దించే ఛాతీ మీద, తట్ట మోసే మెడ మీద ఈ బట్ట ఎలా పనిచేస్తుందో ఎవరు పరీక్షించాలి? ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద నడిచిన విద్యార్థి గుండెను ‘మామూలు’ అని నిర్ణయించుకుంటే, ఇటుక బట్టీలో మోసే స్త్రీ గుండె రోజంతా ‘అసాధారణం’గానే కనిపిస్తుంది. అప్పుడు లోపం ఎవరిదని రాస్తారు? ఆమె ఒంటిదనా, ఆమె చేత అంత బరువు మోయించే ఏర్పాటుదనా?

నిజానికి కొలత అవసరం ఎక్కువగా ఉన్నది ఈ శరీరాలకే. ఉత్తరాది, తూర్పు ప్రాంతాల్లోని తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వే ఆధారంగా 2022లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, అగ్రకుల హిందువుల కన్నా దళితుల సగటు ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువని చూపింది. ఈ తేడాలో సగం కన్నా తక్కువే ఆర్థిక స్థితితో వివరించగలమని ఆ పరిశోధకులు తేల్చారు. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదంటే, కులం నేరుగా ఆయువును తింటోందన్నమాట. ఈ లెక్క చూశాక దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారు సెన్సర్ సాంకేతికతను వద్దనాలని నేను అనను. అది దూరంగా ఉండిపోతే నష్టపోయేదీ వారే. షరతులు పెట్టాలంటాను.

మన షరతులు

మొదటి షరతు: శరీరం చెప్పిన సంగతి ముందుగా ఆ శరీరం గలవారికి, వారి భాషలో తెలియాలి. హెచ్చరిక తెలుగులో, చదువు రానివారికి మాట రూపంలో వినిపించాలి. అధికారి తెర మీద కనిపించి కార్మికుడికి కనిపించని అంకెను ఆరోగ్య సమాచారం అనకూడదు.

రెండోది అంతకన్నా ముఖ్యం. ఏ అంకె వచ్చినా దాని వెంట ఒక బాధ్యత రావాలి. ఒంటి వేడి ఒక హద్దు దాటితే పని ఆగాలి, ఆ సమయానికీ కూలి ముట్టాలి. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు తోటల్లో యువ కూలీల మూత్రపిండాలు చెడిపోతున్నప్పుడు అక్కడ చేపట్టిన నివారణ చర్యల్లో ప్రధానమైనవి మూడే: నీరు, నీడ, విశ్రాంతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణాలు వెతుకుతూ ఎన్నో ఏళ్లుగా నీటిని, నేలను పరీక్షిస్తున్నారు. జీడితోటలో, కొబ్బరితోటలో ఎండపూట పనిచేసే ఒళ్లు ఎంత నీటిని కోల్పోతోందో నెలల తరబడి కొలిస్తే ఆ వెతుకులాటకు మేలే జరుగుతుంది. కానీ కొలిచాక కూలి ఇచ్చి నీడన కూర్చోబెట్టేవారు లేకపోతే ఆ కొలత మరో పరిశోధనా పత్రానికి మాత్రమే పనికొస్తుంది.

మూడోది: ఆరోగ్యం కోసం తీసిన అంకెలు హాజరుకూ, జీతానికీ, ఉద్యోగం నుంచి తొలగించడానికీ ఏనాడూ వాడకూడదు. ఈ మాట చట్టంలో ఉండాలి, అంకెల మీద అజమాయిషీ కార్మిక సంఘానికి ఉండాలి. శరీరానికి ఒక హద్దు ఉందని తెలుసుకోవడానికి సెన్సర్ దాకా పోనక్కర్లేదని కూడా మన చరిత్ర చెబుతుంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా అంబేద్కర్ పని గంటల తగ్గింపు కోసం, గనుల్లోని స్త్రీల ప్రసూతి సౌకర్యం కోసం పాటుపడినప్పుడు ఆయన చేతిలో ఏ పరికరమూ లేదు. కూలి మనిషి ఒంటికి విలువ ఉందన్న తలంపే ఆయన కొలబద్ద.

విద్యార్థులకు ఒక మాట. ఈ రంగంలోకి దళిత బహుజన కుటుంబాల పిల్లలు ఇప్పుడు వస్తున్నారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆసు యంత్రం ఎలా పుట్టిందో వారు తెలుసుకోవాలి. పోచంపల్లి చీర కోసం ఆసు పోస్తూ తల్లి రోజుకు వేలసార్లు చేయి చాచి తిప్పేది. ఆమె భుజం నొప్పి చూడలేక పెద్ద చదువులు లేని కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి ఆ యంత్రాన్ని తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ తల్లి భుజాన్ని చదివింది కొడుకు కన్ను. చదివి ఊరుకోలేదు, ఆ నొప్పికి కారణమైన పనినే యంత్రానికి అప్పగించాడు. ఏ ప్రయోగశాలలోనైనా ఈ వరుస మారకూడదు.

ఆ రోజు కళాశాలలో ఆ విద్యార్థికి నేను మంచి మార్కులే వేశాను. వెళ్లేముందు ఒక పని చెప్పాను: “ఈ బట్టను ఒకసారి రేవుకు తీసుకుపో, ఉతికేవాళ్లకు చూపించు. దారం ఎందుకు పోతోందో వాళ్లనడుగు. వాళ్లకు కూడా ఒకటి తొడుగు.” తలూపాడు.

నలభై ఇళ్ల జబ్బులను బట్టలో చదివిన మా అమ్మ రక్తపోటును మొదటిసారి కొలిచింది ఆమె యాభై ఎనిమిదో ఏట. అప్పటికే కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఎన్నాళ్లుగా బీపీ ఉందని డాక్టరు అడిగితే మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. ఆమె బట్టలు కూడా ఆమే ఉతుక్కునేది.